ముడుచుకొనిన ప్రాణము

ధ్యానభాగములు: సామెతలు 12:10, యెషయా 34:11, యెషయా 38:12, జెఫన్యా 2:14

సూరత్ నగరమునకు నైరుతి దిక్కున ఆల్థాన్ అను ప్రాంతము కలదు. ఒకప్పుడు అది పొలముల నడుమనున్న గ్రామము. నేడు నగరపాలక సంస్థ హద్దులలో చేరి, అంతస్తుల మేడలతోను వెడల్పాటి రోడ్లతోను నిండియున్నది. దాని చేరువనే పాండేసరా పారిశ్రామికవాడయు, రంగుల మిల్లులును, మరమగ్గముల షెడ్లును ఉన్నవి. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు తరతరములుగా ఈ నగరపు వస్త్రపరిశ్రమలో చెమటోడ్చుచున్నవి. వారి పిల్లల నిమిత్తము నగరపాలక సంస్థ పాఠశాలలలో తెలుగు మాధ్యమపు తరగతులు కూడ ఏర్పడినవనిన, తెలుగువారి సంఖ్య ఎంతటిదో పాఠకులు గ్రహింపవచ్చును.

అట్టి యొక కుటుంబమును ఊహించుకొనుడి. ఆల్థాన్‌లో క్రింది అంతస్తు ఇల్లు. వెనుక నాలుగు మూరల పెరడు. అందులో తులసి, కరివేపచెట్టు, ఒక మూలను ఎండుటాకుల కుప్ప. శ్రావణమాసపు రాత్రి వాన కురిసి వెలిసినది. తెల్లవారుజామున వీధికుక్కల అరుపులు వినవచ్చినవి. ఇంటి పిల్లవాడు తలుపు తీసి చూడగా, ఆకుల కుప్ప ప్రక్కన కొబ్బరికాయ అంత ముళ్ల బంతి యొకటి పడియున్నది. ఒక ప్రక్క ముళ్లు నెత్తుటితో తడిసియున్నవి. పిల్లవాడు వంగగానే నాయనమ్మ కేక వేయును: “దగ్గరికి పోకు బిడ్డా! ముండ్లు ఇసురుతది!” తల్లి గిన్నెలో పాలు తెచ్చును. తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని అప్పుడే వచ్చి, చీపురుతో దానిని గోడ అవతలికి నెట్టుదమా, సంచిలో వేసి ఖాడీ గట్టున విడుతమా అని తలంచును. ప్రక్కయింటి గుజరాతీ గృహిణి గోడమీదుగా తొంగిచూచి, “శేళో!” అనును.

ఆ ఇంటిలో క్రూరులెవరును లేరు. నాయనమ్మది మనుమనిమీది ప్రేమ. తల్లిది ఆకలిగొన్నవానిని చూడగానే కలుగు జాలి. తండ్రిది అలసట. అయినను ఆ ముగ్గురిలో ఎవరి మాట నెగ్గినను, ఆ ప్రాణి సాయంకాలమువరకు బ్రదుకుట సందేహమే. ఎందుకనగా దానిని గూర్చి ఎరిగినవారు ఆ ఇంట ఎవరును లేరు. సరియైన పేరైనను పలికినది ప్రక్కయింటి ఆమె మాత్రమే.

పేరుతోనే ప్రారంభింతము. గుజరాతీ భాషలో ‘శాహుడీ’ వేరు, ‘శేళో’ వేరు. శాహుడీ అనగా మన ఏదుపంది. అది ఎలుకల వర్గమునకు చెందిన పెద్ద జంతువు. పొడవైన ముళ్లు కలది. దుంపలను, వేళ్లను, చెట్ల బెరడును కొరికి తినును. శేళో అనునది జానెడు పొడవుగల చిన్న ప్రాణి. పురుగులను, మిడతలను, పేడపురుగులను, వానపాములను, అప్పుడప్పుడు కప్పపిల్లలను తినును. అది ఎలుక జాతి కాదు. దాని దగ్గరి చుట్టము చుంచు. తెలుగున మనము రెంటిని కలిపివేసి, పెద్దదానిని ఏదుపంది యనియు, చిన్నదానిని ఏదుపంది పిల్ల యనియు, లేదా రెంటిని ముళ్లపంది యనియు పిలుచుచున్నాము. చుట్టరికమును బట్టి ఈ పాఠమందు దీనిని ముళ్లచుంచు అని వ్రాయుట జరుగుచున్నది.

ముళ్లచుంచు మనకు పరదేశి కాదు. గుజరాతు, రాజస్థానపు పొడినేలలలో రెండు జాతులు వసించుచున్నవి: ఒకటి పొడవు చెవులది, మరియొకటి లేత వన్నె ముఖముగలది. దక్షిణమున, తమిళనాటను ఆంధ్రదేశపు మెట్ట ప్రాంతములలోను మూడవ జాతి కలదు. పొట్టక్రింద వెండ్రుకలు పలుచగా నుండుటచే శాస్త్రజ్ఞుడు హార్స్‌ఫీల్డ్ 1851లో దానికి ‘బోడిపొట్ట’ అను అర్థమిచ్చు లాటిన్ పేరు పెట్టెను. మద్రాసు ముళ్లచుంచు అనియు దానికి పేరు. తుమ్మపొదల క్రిందను, జొన్నచేల గట్లమీదను అది రాత్రివేళ తిరుగును గనుక, ఊరివారిలో అనేకులు దానిని చూడకయే జీవితము గడుపుదురు. తమిళనాటి దక్షిణ జిల్లాలలో దాని ముళ్లను కాల్చి తేనెతో రంగరించి పిల్లల దగ్గునకు మందుగా వాడు ఆచారము కలదు. ఆ మందు పనిచేయునని చూపు ఆధారము ఏదియు లేదు. ఆ ప్రాణులు మాత్రము చంపబడుచున్నవి.

ముళ్లు విసరుట అను మాట ఏదుపందియెడల కూడ నిజము కాదు. ముళ్లచుంచుయెడల అసలే కాదు. దాని ముళ్లు మన గోళ్లను వెండ్రుకలను కలుగజేసిన పదార్థముతోనే ఏర్పడిన గట్టి రోమములు. అవి చర్మమునుండి ఊడి ఎగురవు. భయము కలిగినప్పుడు వీపుచుట్టు నున్న బలమైన కండరము, సంచి మూతిని త్రాటితో బిగించినట్లు బిగుసుకొనును. అప్పుడు ముఖము, కాళ్లు, పొట్ట లోపలికి పోయి, ముళ్లు మాత్రమే వెలుపల నిలుచును. దానికి తెలిసిన రక్షణ అదియొక్కటే. అది పారిపోదు, అరుదుగా తప్ప కరవదు. ముడుచుకొని వేచియుండును. నక్క ముందు ఆ ఉపాయము కొంత పనిచేయును. లారీ చక్రము ముందు ఏమియు పనిచేయదు.

ఇక బైబిలు అనువాదకులను ఈ చిన్న ప్రాణి ఎంత తికమక పెట్టెనో చూడుడి. హెబ్రీ లేఖనములలో ‘కిప్పోద్’ అను పదము మూడు చోట్ల మాత్రమే కనబడును: యెషయా 14:23, యెషయా 34:11, జెఫన్యా 2:14. మూడును పాడైపోయిన పట్టణములను గూర్చిన ప్రవచనములే. బబులోను, ఎదోము, నీనెవె శూన్యములైనప్పుడు అక్కడ నివసించు ప్రాణులలో ఇది యొకటి. క్రీస్తునకు పూర్వము హెబ్రీనుండి గ్రీకునకు మార్చిన యూదా పండితులు దీనిని ముళ్లచుంచు అనియే తర్జుమా చేసిరి. జెరోము లాటిన్ అనువాదము కూడ అట్లే. కాని 1611 నాటి ఆంగ్ల అనువాదకులు దీనిని నీటిమడుగులలో తిరుగు కొంగజాతి పక్షిగా నెంచిరి. 1885 నాటి సవరణ చేసినవారు ఏదుపంది యనిరి. మన తెలుగు బైబిలును తెరచి చూచినయెడల యెషయా 34లో ఏదుపందులును, యెషయా 14లోను జెఫన్యాలోను తుంబోళ్లును కనబడును. మూలమందు ఒకే పదము. తెలుగున రెండు ప్రాణులు!

అనువాదకులను తప్పుపట్టుటకు ఇది చెప్పబడుటలేదు. వారి చిక్కు నిజమైనది. ఈ పదము పక్షుల పేర్ల నడుమ వచ్చుచున్నది. జెఫన్యాలో అది స్తంభముల పైభాగములలో బసచేయునని యున్నది, ముళ్లచుంచు స్తంభములెక్కునా? యెషయా 14లో నీటిమడుగుల ప్రస్తావన యున్నది. ముళ్లచుంచు పొడినేల కోరునది కదా? ఈ కారణములచేత కొందరు పండితులు నేటికిని ఇది యొక పక్షియే యనుచున్నారు. అయితే కూలిన నగరములో స్తంభముల పైభాగములు నేలమీదనే దొర్లియుండును గదా! పడిన రాళ్ల సందులు ముళ్లచుంచునకు ఇష్టమైన చోటులు. అంతేకాక సహోదర భాషల సాక్ష్యము బలమైనది. అరబ్బీ భాషలో ‘కున్‌ఫుద్’ అనగా ముళ్లచుంచే. నేటి ఇశ్రాయేలు దేశపు పిల్లలు ‘కిప్పోద్’ అని పిలుచునదియు దీనినే. తూకము వేసి చూడగా గ్రీకు అనువాదకుల పక్షమే మొగ్గు చూపుచున్నది.

ఆ పదముయొక్క ధాతువు మరింత రుచికరమైనది. ‘చుట్టుట, ముడుచుట’ అని దాని భావము. అదే ధాతువునుండి పుట్టిన క్రియ యెషయా 38:12లో, హిజ్కియా తన రోగమునుండి కోలుకొనిన పిమ్మట వ్రాసిన ప్రార్థనలో వచ్చును. మరణము తన గుమ్మమున నిలిచిన దినములను తలంచుకొనుచు ఆ రాజు తన్ను తాను నేతపనివానితో పోల్చుకొనెను. నేసిన బట్టను నేతగాడు దోనెకు చుట్టి, మగ్గమునుండి కోసివేయునట్లు తన బ్రదుకు చుట్టబడినదని అతడు మొరపెట్టెను. ఆ ‘చుట్టుట’ను తెలుపు హెబ్రీ క్రియయు ముళ్లచుంచు పేరును ఒకే మూలమునుండి వచ్చినవని పండితులు తలంచుచున్నారు. తెలుగు పాఠకులలో అనేకులు ఈ పోలికను పైపైన చదివి దాటిపోవుదురు. సూరత్‌లో మగ్గముముందు నిలిచి పనిచేయువానికి వ్యాఖ్యానము అక్కరలేదు. దోనె నిండినప్పుడు చుట్టిన గుడ్డ ఎంత బిగువుగా నుండునో అతని చేతులకే తెలియును. పెరటిలో ముడుచుకొని పడియున్న ఆ ముళ్ల బంతిని చూచి, ‘ఇది చుట్టబడిన ప్రాణము’ అని చెప్పగల అర్హత అతనికి అందరికంటె ఎక్కువ.

సామెతలు 12:10 మనకు బాగుగా తెలిసిన వచనము. నీతిమంతుడు తన పశువులయెడల దయగలవాడని దాని భావముగా మనము గ్రహించుచున్నాము, అది సరియైనదే. కాని మూలమందలి క్రియ ‘దయ చూపును’ అని కాదు, ‘ఎరుగును’ అని. నీతిమంతుడు తన పశువుయొక్క ‘నెఫెష్’ను ఎరిగినవాడు. నెఫెష్ అనగా ప్రాణము, ఊపిరి, ఆకలిదప్పులు, కోరిక. ఆ ప్రాణికి కావలసినదంతయు అందు ఇమిడియున్నది. నిర్గమకాండమునందు ఇశ్రాయేలీయులు పరదేశులను బాధింపకూడదని చెప్పిన చోట (23:9) ‘పరదేశి మనస్సు ఎట్లుండునో మీరెరుగుదురు’ అను భావమున వచ్చునదియు ఈ రెండు మాటలే. కనుక ఇది దూరమునుండి జాలిపడుట కాదు. ఎదుటి ప్రాణికి ఏమి కావలెనో, ఏది హానియో తెలిసికొనుట. ఆ వచనము రెండవ భాగము మరింత కఠినమైనది: భక్తిహీనుల వాత్సల్యము సయితము క్రూరమైనదని దాని తాత్పర్యము. పాలగిన్నె తెచ్చిన తల్లిని భక్తిహీనురాలనుట అన్యాయము. అయినను ఆమె పాలు ఆ ప్రాణికి క్రూరమైనవే. ఏలయనగా ఎదిగిన ముళ్లచుంచు ఆవుపాలను అరిగించుకొనలేదు. విరేచనములు పట్టి, అసలే నెత్తురు పోయిన శరీరమునుండి నీరు కూడ పోయి చచ్చును. పాలలో నానవేసిన రొట్టె పెట్టుట ఆంగ్లదేశపు తోటలలో బహుకాలము గొప్ప ఉపకారముగా చెల్లుబాటయ్యెను. ఎన్ని ప్రాణములు ఆ ఉపకారమునకు బలియైనవో!

ఆ వచనములోనిది పెంపుడు పశువు, ముళ్లచుంచు అడవిది కదా అని ఎవరైన అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము త్రోవప్రక్కన కనబడిన పక్షిగూటిని గూర్చియు ఆజ్ఞాపించుచున్నది. ఆ పక్షి ఎవరి సొత్తును కాదు. పెరటిలో పడినది మన సొత్తు కాకపోయినను మన త్రోవలో పడినది.

ఇప్పుడు ఆ ఇంటివారు చేయవలసినదేమి? మొదట కుక్కలను దూరముగా తరిమి, పిల్లవానిని వెనుకకు నిలిపి, కొంతసేపు ఊరకుండవలెను. రాత్రి తిరుగు ప్రాణి పగటివేళ బయట పడియుండుటయే ఆపదకు గురుతు; నెత్తురు కనబడినచో చెప్పనక్కరయే లేదు. మందపాటి తువ్వాలునో గోనెసంచినో చేతులకు చుట్టుకొని, రెండు ప్రక్కలనుండి చేతులు క్రిందికి పోనిచ్చి మెల్లగా ఎత్తవలెను. ముడుచుకొనినదానిని విప్పుటకు లాగకూడదు, చీపురుతో దొర్లింపకూడదు. లోతైన అట్టపెట్టెలో పాతగుడ్డలు పరచి, గాలికి రంధ్రములుంచి, అందులో దానిని ఉంచవలెను. ఇది గోడలు చక్కగా ప్రాకును గనుక లోతు అవసరము. పెట్టెను చీకటిగా, సద్దులేని చోట ఉంచుట సగము వైద్యము. టెలివిజను మోగుచున్న గదిలో ఇరుగుపొరుగు పిల్లలందరు వంతులవారీగా తొంగిచూచుచుండగా ఏ గాయపడిన ప్రాణికైనను ఎట్లుండును?

వానకు తడిసి, నెత్తురు పోయిన ప్రాణి చల్లబడియుండును. చేతికి చల్లగా తగిలినయెడల మొదట వెచ్చదనము, పిమ్మటనే ఆహారము. ఈ వరుస తప్పరాదు. సీసాలో గోరువెచ్చని నీరు పోసి, గుడ్డలో చుట్టి, పెట్టెలో ఒక ప్రక్క మాత్రమే పెట్టవలెను. వేడి ఎక్కువైనచో అది రెండవ ప్రక్కకు జరుగుటకు చోటుండవలెను. ఎండకాలమందైతే ఈ సీసా అక్కరలేదు, నీడయే కావలెను. ఆహారము కరవైన దినములలో ఈ జాతులు చల్లబడి, ఊపిరి తెలియనంత మెల్లగా తీయుచు నిద్రావస్థలోనికి పోవును గనుక, కదలనిదెల్ల చచ్చినదని తొందరపడి పారవేయకూడదు.

నీరు మూతవంటి తక్కువలోతు పాత్రలో పెట్టవలెను. నోరు తెరచి పోయకూడదు, ఊపిరితిత్తులలోనికి పోవును. అది వెచ్చబడి, లేచి తిరుగుచున్నచో, వైద్యుని యొద్దకు చేరుట ఆలస్యమగునప్పుడు మాత్రము, ఉప్పుకారములు లేకుండ ఉడికించిన కోడిమాంసపు తునకలనో, పిల్లులకు అమ్ము మాంసాహారమునో కొంచెము పెట్టవచ్చును. అన్నము, బిస్కట్లు, పాలు వద్దు. మాంసము ముట్టని గుజరాతీ గృహములలో ఇది ఇబ్బందిగా నుండవచ్చును. అట్టివారు వెచ్చదనము, నీరు, చీకటి ఇచ్చి త్వరగా వైద్యునికి అప్పగించినను చేయవలసినది చేసినట్లే.

నెత్తురు కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. కాచి చల్లార్చిన అర లీటరు నీటిలో ఒక చెంచాడు ఉప్పు కలిపి, దానితో పైపై మురికిని కడుగవచ్చును. పసుపు, కిరసనాయిలు, ఫినాయిలు, మనుష్యులు మ్రింగు నొప్పిమాత్రలు, ఇవన్నియు హానికరములు. వానకాలపు గాయములకు ఈగలు చప్పున ముసురును. ముళ్ల మొదళ్లలో బియ్యపునూకవంటి తెల్లని గ్రుడ్లు కనబడినచో, అవి పురుగులగుటకు ఎంతో సేపు పట్టదు. చిన్న చిమటాతోనో మెత్తని బ్రష్షుతోనో వాటిని తీసివేయుట ఆ ఘడియలోనే చేయదగిన పని. ఒక్కొక్కప్పుడు గాయమువలన చర్మము క్రింద గాలి చేరి, ఒళ్లంతయు బంతివలె ఉబ్బును. దానిని చూచి బాగుగా బలిసియున్నదని మోసపోకూడదు. విరిగిన కాలికి ఇంటిలో కట్టు కట్టబూనుట వ్యర్థము. ముడుచుకొనిన ప్రాణిని పరీక్షించుటకు పశువైద్యులే మత్తువాయువు ఇచ్చి విప్పుదురు.

మనుష్యుల క్షేమము కూడ ఇందులో చేరియున్నది. కొత్త వాసన తగిలినప్పుడు ముళ్లచుంచు నోట నురుగు పుట్టించి దానిని తన ముళ్లకు పూసికొనును. అది దాని సహజమైన అలవాటు, పిచ్చి కాదు. అయినను ఏ అడవి జంతువైనను కరచినయెడల ఆ చోటును సబ్బుతో పావుగంటసేపు ధారనీటిలో కడిగి, నాటివైద్యములు మాని నేరుగా ఆసుపత్రికి పోవలెను. కరవకపోయినను ముట్టిన చేతులు కడుగుకొనవలెను. దానివలన తామరయు కడుపుజబ్బులును అంటవచ్చును.

పెట్టెను సిద్ధపరచిన వెంటనే అటవీశాఖవారికి తెలుపవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవి ప్రాణులను ఇంట పెంచుకొనుటకు అనుమతింపదు. వైద్యమునకు చేర్చుట వేరు, ముచ్చటపడి ఉంచుకొనుట వేరు. గుజరాతు ప్రభుత్వము 2017నుండి ‘కరుణా’ అను పేర జంతువులకు అంబులెన్సును నడుపుచున్నది. దాని టెలిఫోను సంఖ్య 1962. ఉత్తరాయణపు గాలిపటముల దారములకు తెగిన పక్షులను సూరత్ యువకులు పదులకొలది ఎత్తుకొనివచ్చి స్వచ్ఛంద వైద్యశిబిరములలో చేర్చు దృశ్యము అచ్చట ప్రతి జనవరిలోను కనబడును. ముళ్లచుంచును తెచ్చినవానిని చూచి నవ్వు పట్టణము కాదది.

ఆ పట్టణమునకు ఈ విషయములో పాత పేరు కూడ కలదు. 1689లో జాన్ ఓవింగ్టన్ అను ఆంగ్ల పాదిరి ఓడలో బయలుదేరి, పిమ్మట సూరత్ రేవునకు వచ్చెను. ఆయన 1696లో ప్రచురించిన ప్రయాణగ్రంథములో, వర్తకులైన బనియాలు రోగముచేతనో ముసలితనముచేతనో పనికిమాలిన ఆవులు, గుర్రములు, మేకలు, కుక్కలు మొదలగువాటికొరకు నడుపు ఆసుపత్రిని వర్ణించెను. ఐరోపాలో అట్టిది ఆయన చూచియుండలేదు. ఆ ప్రక్కనే నల్లులకును గోమార్లకును ఒక స్థలముండెననియు, వాటికి ఆహారముగా ఒక పేదవానికి కూలి యిచ్చి రాత్రియంతయు మంచమున పరుండబెట్టుదురనియు వ్రాసెను. సుమారు ఎనుబది సంవత్సరముల పిమ్మట జేమ్స్ ఫోర్బ్స్ అను కంపెనీ ఉద్యోగి అదే ఆసుపత్రిలో గుర్రములను, ఎద్దులను, కోతులను, పక్షులను చూచెను. డెబ్బదియైదు సంవత్సరములుగా అచ్చటనే యున్నదని చెప్పబడిన ముసలి తాబేలును కూడ చూచెను. సూరత్ పాంజ్రాపోల్ నేటికిని ఉన్నది.

నల్లుల మంచపు కథను చదివి ఐరోపా పాఠకులు మూడు శతాబ్దములు నవ్వుకొనిరి. ఆ పేదవాని వీపును తలంచినయెడల నవ్వు రాదు. పురుగుల ఆకలిని ఎరిగినవారు కూలివాని నొప్పిని ఎరుగకపోయిరి. అయినను గుర్రమును, తాబేలును, చావనున్న కుక్కను త్రోవలో విడువని ఆ వర్తకుల పట్టుదలను త్రోసివేయుట కూడ తగదు. ఆ పాదిరి దానిని వింతగా వ్రాసికొని ఓడ ఎక్కెను. తన సంఘపు బైబిలులో సామెతలు 12:10 ఉన్న సంగతిని ఆ వర్తకులతో సంభాషించుటకు ఆయనకు దొరికిన అవకాశము బహుశః అంతకంటె మంచిది మరియొకటి ఉండకపోవచ్చును.

తరువాతి కాలమున ఆంగ్లదేశమువారే ఈ చిన్న ప్రాణినుండి కొంత నేర్చుకొనిరి. పశువులు దాటిపోకుండ త్రోవలో గొయ్యి త్రవ్వి పైన ఇనుపకమ్ములు పరచు ఏర్పాటు అచ్చటి పల్లెలలో ఉండును. ముళ్లచుంచులు కమ్ముల సందులనుండి పడి, ఎక్కిరాలేక ఆకలితో చచ్చుచుండెను. ష్రాప్‌షైర్ ప్రాంతమున ఏడ్రియన్ కోల్స్ అను విశ్రాంత సైనికాధికారి ఒకదానిని రక్షించి, అంతటితో ఊరకుండక, గోతులలో వాలుగా బల్లలు పెట్టించు ఉద్యమమునకు దిగెను. 1982లో అందుకొక సంఘము స్థాపించెను. దాని పని మొదట అంత చిన్నది: గోతిలో ఒక వాలుబల్ల.

ఆల్థాన్ పెరటికి ఆ వాలుబల్ల చాల అవసరము. కొత్త మేడలకొరకు త్రవ్విన పునాదులు, మూతలేని కాలువలు, నీటితొట్లు, వీటిలో రాత్రివేళ పడిన ప్రాణి తెల్లవారునప్పటికి ఈదియీది మునుగును. ఒక చెక్కముక్క చాలును. ఎండుటాకుల కుప్పకు నిప్పుపెట్టుటకు ముందు కఱ్ఱతో మెల్లగా కదపి చూడవలెను. ఎలుకలమందు చల్లు ఇంటనే పురుగులను ఏరి తిను ఈ ప్రాణికి చావు మూడును. గడ్డికోయు యంత్రము ముందు ఇది పారిపోదని మరువకూడదు.

మరియొక సంగతి. గాయపడినది ఆడుదైయుండి, పొట్టమీద పాలచన్నులు ఉబ్బియున్నచో, దగ్గరలో కన్నులు తెరవని పిల్లలు ఉండవచ్చును. వానకాలము పురుగులు విరివిగా దొరకు కాలము గనుక ఈ సంగతి అప్పుడే ఎక్కువగా చూచుకొనవలెను. ఆకుల కుప్పను, పొదల మొదళ్లను, గోడ కన్నములను చేతితో తవ్వక, చెవియొగ్గి వెదకవలెను. పిల్లలు సన్నగా కిచకిచలాడును. వాటిని కనుగొన్నయెడల తల్లితోపాటు వైద్యునికి చేర్చవలెను. ద్వితీయోపదేశకాండములోని ఆజ్ఞ తల్లిని పిల్లలను ఒకేసారి చేపట్టకూడదనును. ఇక్కడ వాటిని విడదీయుటయే చావు. అక్షరము మారినది, ఆ ఆజ్ఞ కాపాడగోరినది మాత్రము ఇదియే.

ఆ ఊహాకుటుంబమునకు తిరిగి వత్తము. పాలగిన్నె వంటింటికి తిరిగిపోయినది. అట్టపెట్టె తెచ్చినది నాయనమ్మయే. చీరలు కట్టి పంపు మిల్లు పెట్టె అది. “ఇసరదా మరి?” అని ఆమె ఇంకను సందేహముగా అడుగును. “ఇసరదు నాయనమ్మా” అని పిల్లవాడు చెప్పును. ప్రక్కయింటి ఆమె గుజరాతీలో టెలిఫోనులో మాటలాడి చిరునామా చెప్పును. నిద్రలేని కన్నులతో తండ్రి పెట్టెను ఒడిలో పెట్టుకొని స్కూటరు వెనుక కూర్చుండును.

బ్రదికి వచ్చినయెడల దానిని విడువవలసిన చోటు దూరపు అడవి కాదు. తెలియని నేలలో దానికి దాగుచోటులు తెలియవు, నీరు ఎక్కడనో తెలియదు. కుక్కలు కట్టివేయబడిన సాయంకాలము, వానలేని దినమున, దొరికిన పెరటికి దగ్గరనే విడువవలెను. పెట్టెను ప్రక్కకు వంచి, దీపములార్పి, దూరముగా నిలువవలెను. కొంతసేపు ఏమియు జరుగదు. పిమ్మట ముళ్లు కొంచెము వాలును. ముక్కు బయటికి వచ్చి గాలిని వాసన చూచును. తరువాత చిన్న ముఖము, ముందరికాళ్లు. అది ఎవరివైపును తిరిగి చూడక, కరివేపచెట్టు మొదలు దాటి, ఆకుల కుప్పలోనికి చప్పుడు చేయుచు పోవును.